సినిమా అయిపోయాక ఐరా హేస్ ఎక్కడికి పోయాడు?

పోస్టు పెద్దదే. హాస్టల్లో రాత్రి నెట్ సరిగ్గా వచ్చే టైంలో నిదానంగా చదవండి.

2011 మే నెలలో అమెరికా కమాండోలు పాకిస్తాన్‌లోని అబ్బోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్‌ని చంపారు. మనిషి దొరికాడు, పని అయిపోయింది అని రేడియోలో పైవాళ్ళకి చెప్పడానికి వాళ్ళు వాడిన మాట 'జెరోనిమో'. మరుసటి ఏడాది వచ్చిన 'జీరో డార్క్ థర్టీ' సినిమాలో కూడా ఆ మాట వినపడుతుంది. ఇంతకీ జెరోనిమో ఎవరు? అపాచీ తెగ పోరాట యోధుడు. తన నేల కోసం ఇటు మెక్సికోతో, అటు అమెరికాతో కొట్లాడి, 1886లో లొంగిపోయి, 1909లో ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌లో యుద్ధఖైదీగానే చనిపోయిన మనిషి. అక్కడి ఆదివాసీ నాయకులు అప్పుడే గట్టిగా అడిగారు, మా పెద్దాయన పేరు మీ దేశపు పెద్ద శత్రువుకి ఎట్లా పెట్టారని.

అసలు అమెరికా సైన్యంలోకి ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలిస్తే ఇంకా ఆశ్చర్యపోతాం. 1940లో ఫోర్ట్ బెన్నింగ్‌లో పారాచూట్ దళం కొత్తగా తయారవుతోంది. రేపు పొద్దున విమానం నుంచి దూకాలి. ముందురోజు రాత్రి కుర్రాళ్ళంతా కలిసి ఒక కౌబాయ్ సినిమాకి పోయారట. "దూకేటప్పుడు నువ్వు భయంతో నీ పేరే మర్చిపోతావురా" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే, ఒకడు పౌరుషానికి పోయి "నేను జెరోనిమో అని అరుస్తూ దూకుతా చూడండి" అన్నాడని, అన్నట్టే అరిచాడని చెప్పుకుంటారు. ఏ సినిమా చూశారన్న దాని మీద రెండు మూడు కథలున్నాయి. సినిమా చూసొచ్చి అరిచారన్న దగ్గర మాత్రం అన్ని కథలూ ఒకటే. సినిమా నుంచి సైన్యంలోకి, సైన్యం నుంచి యుద్ధంలోకి, యుద్ధం నుంచి మళ్ళీ సినిమాలోకి ఒక ఆదివాసీ పేరు ఇట్లా తిరుగుతూనే ఉంది. ఆయన నేల కథ మాత్రం ఆ పేరు వెంట రాలేదు.

అమెరికా యుద్ధ సినిమాలు మనకెందుకన్నా అని కొందరు తమ్ముళ్ళు అడుగుతారు. టీవీలో డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళం, మనకి రాంబో తెలియకపోవడమేంటి! కానీ అమెరికా వాళ్ళకి ఆ సినిమాలు వట్టి కాలక్షేపం కాదు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి చూస్తే వాళ్ళ పెద్ద యుద్ధాలన్నీ వాళ్ళ ఊళ్ళకి వేల మైళ్ళ దూరంలో జరిగినవే. ఇంట్లో కూర్చున్న జనానికి ఆ యుద్ధం ఎట్లా ఉంటుందో, అందులో మనవాడెవడో పగవాడెవడో చూపించింది ఎక్కువగా సినిమానే. మేమెవరం, మేమెందుకు యుద్ధాలు చేస్తాం అన్న ప్రశ్నకి వాళ్ళలో చాలామంది దగ్గరున్న జవాబు తెర మీద నుంచి దిగిందే. ఆ తెర మీద ఆదివాసీకి ఏ చోటు దొరికిందో చూస్తే మొత్తం వ్యవహారం అర్థమవుతుందని మా అభిప్రాయం.

మొదట శత్రువు చోటు దొరికింది. కౌబాయ్ సినిమాలని మనం వేరే రకంగా లెక్కేస్తాం గానీ, గుర్రపు దళం తెగల మీద దాడి చేసే సినిమా యుద్ధ సినిమా కాక మరేంటి? జాన్ ఫోర్డ్ 1948లో తీసిన 'ఫోర్ట్ అపాచీ' చూడండి. పొగరుబోతు కల్నల్ ఒకడు అపాచీ నాయకుడు కొచీస్‌కి ఇచ్చిన మాట తప్పి, మొండిగా దాడికి పోయి, తన దళాన్ని నాశనం చేసుకుంటాడు. తప్పు ఎవరిదో సినిమా దాచిపెట్టదు, కొచీస్‌ని మర్యాదగానే చూపిస్తుంది. కానీ చివర్లో పత్రికల వాళ్ళు వచ్చి ఆ కల్నల్ మహావీరుడు కదా అంటే, నిజం తెలిసిన జాన్ వేన్ పాత్ర అవునని తలూపుతుంది. దళం పరువు నిలబడాలంటే అబద్ధం నిలబడాలి, అంతే. జనం జ్ఞాపకం ఎట్లా తయారవుతుందో ఇంత బాహాటంగా చెప్పిన సినిమా మేము ఇంకోటి చూడలేదు. ఇంకో సంగతి. ఆ సినిమాలో అపాచీలుగా కనపడేవాళ్ళు చాలావరకు నవాహోలు. షూటింగ్ జరిగిన మాన్యుమెంట్ వ్యాలీ నవాహోల నేల. వాళ్ళ నేల మీదే, కూలి ఇచ్చి, వాళ్ళ చేతే వేరే తెగ వేషం వేయించి, శత్రువులుగా నిలబెట్టారు.

ఆ సినిమాలు చూస్తూ పెరిగిన పిల్లలే తర్వాత వియత్నాం పోయారు. అక్కడ శత్రువు పట్టు ఉన్న ప్రాంతాన్ని అమెరికా సైనికులు 'ఇండియన్ కంట్రీ' అనేవాళ్ళు. ఈ ఇండియన్ మన దేశం కాదు, వాళ్ళ ఆదివాసీలు. రాన్ కోవిక్ అనే సైనికుడు 1968లో తూటా తగిలి ఛాతీ కింద చచ్చుబడిపోయి ఇంటికొచ్చాడు. చిన్నప్పుడు జాన్ వేన్ 'శాండ్స్ ఆఫ్ ఇవో జిమా' చూసి ఎట్లా పొంగిపోయాడో ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు. అంతమంది పిల్లల్ని సైన్యానికి పంపిన ఆ జాన్ వేన్ స్వయంగా ఏ యుద్ధంలోనూ పనిచేయలేదు! కోవిక్ కథని 1989లో 'బోర్న్ ఆన్ ది ఫోర్త్ ఆఫ్ జూలై' పేరుతో సినిమా తీసినప్పుడు ఆయన పాత్ర వేసింది టామ్ క్రూజ్. మూడేళ్ళ ముందే, 1986లో 'టాప్ గన్'లో విమానం నడిపింది కూడా ఆయనే. ఆ 'టాప్ గన్'కి నౌకాదళం ఓడలు, విమానాలు సర్దింది, కొన్ని థియేటర్ల దగ్గర సైన్యంలో చేర్చుకునే బల్లలు కూడా వేసింది. రెండు సినిమాల్లో నౌకాదళం దేనికి సాయం చేసిందో చెప్పక్కర్లేదు.

ఈ సాయం సంగతి కొంచెం తెలుసుకోవాలి. అమెరికా రక్షణ శాఖలో సినిమా వాళ్ళతో వ్యవహారం చూడటానికే ఒక ఆఫీసుంది. యుద్ధనౌక కావాలా, హెలికాప్టర్లు కావాలా, స్క్రిప్టు ముందు వాళ్ళకి చూపించాలి. నచ్చని సీను మార్చాలి. మార్చం అంటే ఎవరూ జైల్లో వేయరు, సెన్సార్ చేయరు. హెలికాప్టర్ ఇవ్వరు, అంతే. 1927లో తీసిన 'వింగ్స్'కి కూడా సైన్యం సాయం ఉంది, ఉత్తమ చిత్రంగా మొట్టమొదటి ఆస్కార్ వచ్చింది దానికే. కాబట్టి ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు.

వియత్నాం మీద తీసిన 'అపోకలిప్స్ నౌ'కి (1979) అమెరికా సైన్యం సాయం చేయలేదు. దాన్ని ఫిలిప్పీన్స్‌లో తీశారు. అక్కడి మార్కోస్ ప్రభుత్వం హెలికాప్టర్లు అద్దెకిచ్చింది. షూటింగ్ మధ్యలో ఆ హెలికాప్టర్లు నిజంగా తిరుగుబాటుదారుల మీద దాడికి ఎగిరిపోయేవట! ఆ సినిమా చివర్లో కర్నల్ కుర్ట్జ్‌ని దేవుడిలా కొలిచే కొండజనం కనపడతారు కదా, వాళ్ళు ఇఫుగావో అనే ఫిలిప్పీన్స్ ఆదివాసీలు. మెట్లమెట్లుగా కొండల మీద వరిమళ్ళు కట్టిన తెగ. దున్నని బలిచ్చే సీను ఉత్తుత్తి నటన కాదు, వాళ్ళు నిజంగా చేసుకున్న తంతునే కెమెరా పట్టింది. మన ఊళ్ళో పండగ బలిని ఎవరో వచ్చి వీడియో తీసి 'అడవి మనుషుల క్రూరత్వం' అని పెడితే ఎట్లుంటుందో మనకి తెలుసు. సినిమాలో వాళ్ళు ఏ తెగ? వియత్నాం మధ్య కొండల జనం. ఫ్రెంచి వాళ్ళు మోంటన్యార్డ్ అన్నారు, అంటే ఉట్టి 'కొండోళ్ళు'. నిజానికి వాళ్ళలో రాడే, జరాయ్, బహ్నార్ అని ఎన్నో తెగలు. 1961 నుంచి అమెరికా ప్రత్యేక దళాలు వీళ్ళ చేతికి తుపాకులిచ్చి తమ వైపు కొట్లాడించాయి. 1975లో వాళ్ళని అక్కడే వదిలేసి పోయాయి. అడవుల్లో ఏళ్ళ తరబడి దాక్కుని, ప్రాణాలతో మిగిలిన కొన్ని వందల మంది 1986 నుంచి అమెరికాలోని నార్త్ కరోలినా చేరారు. ఎంత పెద్ద కథ! సినిమాలో ఈ కథ లేదు. తెల్లవాడి పిచ్చికి వెనక తెరగా, ఒంటికి మట్టి పూసుకుని నిలబడటానికి మాత్రం కొండోళ్ళు పనికొచ్చారు. అది గొప్ప సినిమానే, కాదనం. కానీ గొప్పగా తీశారు కాబట్టే జనం బుర్రలో గట్టిగా నాటుకుపోయింది.

రాంబో సంగతి కూడా ఒక్క ముక్క. రెండో భాగంలో (1985) ఆయన పుట్టుక గురించి సగం ఇండియన్, సగం జర్మన్ అని ఒక్క మాట పడుతుంది. ఏ తెగ, ఎవరి కొడుకు, ఏమీ ఉండదు. విల్లు పట్టడానికి, తలకి గుడ్డ కట్టడానికి, అడవిలో కనపడకుండా తిరగడానికి ఆ సగం రక్తం సరిపోయింది. అమెరికా ఓడిపోయిన యుద్ధాన్ని తెర మీద మళ్ళీ గెలిపించే పని కూడా ఆ సగం ఆదివాసీకే పడింది.

తర్వాత మంచి ఆదివాసీ వచ్చాడు, అంటే జెండా కింద ఉన్న ఆదివాసీ. 2002లో వచ్చిన 'విండ్‌టాకర్స్' నవాహో కోడ్ టాకర్ల మీద తీసిన సినిమా. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ళు విప్పలేని రహస్య సంకేతాన్ని నవాహో భాషతో తయారు చేసినవాళ్ళు. 1942లో మొదట 29 మంది, తర్వాత దాదాపు 400 మంది అయ్యారు. వీళ్ళలో చాలామంది చదివింది ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్ళలో. అక్కడ నవాహో మాట్లాడితే సబ్బుతో నోరు కడిగేవాళ్ళు. ఆశ్రమ పాఠశాలలో మొదటి రోజు కోయలోనో, గోండిలోనో, సవరలోనో నోరు తెరిచి తిట్లు తిన్న మనవాళ్ళకి దీని బరువు వేరే చెప్పాలా? ఏ భాషని నోట్లోంచి కడిగేశారో, దేశాన్ని కాపాడటానికి అదే భాష కావాల్సి వచ్చింది. 1968 దాకా ఆ సంకేతం రహస్యం కాబట్టి, ఇంటికొచ్చాక కూడా తాము ఏం చేశామో చెప్పుకునే వీల్లేకపోయింది. మొదటి 29 మందికి దేశపు పెద్ద పతకం దక్కింది 2001లో, అప్పటికి వాళ్ళలో బతికున్నది ఐదుగురే.

ఇంత కథ పెట్టుకుని సినిమా ఎవరిది? నికొలస్ కేజ్‌ది. కోడ్ టాకర్‌కి కాపలాగా వచ్చిన తెల్ల సార్జెంట్ బాధ, అతని గాయం, అతని త్యాగం. కోడ్ టాకర్ శత్రువుకి చిక్కేలా ఉంటే మనమే చంపెయ్యాలన్న ఆజ్ఞ చుట్టూ కథ తిరుగుతుంది. అట్లాంటి ఆజ్ఞ లేనే లేదని మెరైన్ దళం పట్టుబట్టి ఆ మాటని స్క్రిప్టులో మెత్తబరిచింది. సైన్యానికి తన పరువు గురించి అడగడానికి ఒక ఆఫీసు ఉంది. నవాహోలకి, ఇది మా కథ కదా మధ్యలో ఈయనెవరు అని అడగడానికి అట్లాంటి ఆఫీసు ఏది?

ఇప్పుడు ఐరా హేస్ దగ్గరికి వద్దాం. అరిజోనాలో హీలా నది ఒడ్డున ఉండే పీమా తెగవాడు, 1923లో పుట్టాడు. ఐరా పుట్టినప్పుడు అమెరికాలో ఆదివాసీలందరికీ పౌరసత్వం కూడా లేదు, అది 1924లో వచ్చింది. అరిజోనా రిజర్వేషన్లలో ఉన్నవాళ్ళకి ఓటు హక్కు 1948 దాకా లేదు. (అక్కడ రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, అన్నీ లాక్కున్నాక తెగలకి మిగిల్చిన నేల.) అంటే జెండా ఎత్తిన మూడేళ్ళ దాకా ఐరాకి ఓటు లేదు. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా ద్వీపంలో సురిబాచి కొండ మీద ఆరుగురు జెండా నిలబెడుతున్న ఫోటో ఉంది కదా, అందులో ఎడమ చివర, కర్ర నుంచి అప్పుడే చేతులు వదిలినట్టు కనపడేవాడు ఐరా.

ఆ ఆరుగురిలో ముగ్గురు అదే ద్వీపంలో చనిపోయారు. మిగిలిన ముగ్గురంటూ ఐరా, గాగ్నన్, బ్రాడ్లీలని యుద్ధ బాండ్లు అమ్మడానికి ఊరూరా తిప్పారు. చనిపోయినవాళ్ళలో ఒకరి పేరు తప్పు పడిందని ఐరాకి తెలుసు. జెండా కర్ర అడుగున వంగి ఉన్నది హార్లన్ బ్లాక్ అయితే, వేరే సైనికుడి పేరు ప్రకటించారు. ఐరా పై అధికారికి చెప్పాడు. పేర్లు ప్రకటించేశాం, నోరు మూసుకో అన్నారు. 1946లో ఐరా అరిజోనా నుంచి టెక్సాస్ దాకా, నడిచినంత నడిచి, దారిలో ఆపిన బండి ఎక్కి, హార్లన్ తండ్రి పొలానికి పోయాడు. ఆ ఫోటోలో ఉన్నది మీ అబ్బాయేనని చెప్పి, మళ్ళీ అట్లాగే తిరిగొచ్చాడు. వీపు చూసి ఇది నా కొడుకేనని మొదటి రోజు నుంచీ అంటున్న తల్లి మాట అప్పుడు నిజమైంది. 1947లో మెరైన్ దళం తప్పు దిద్దుకుంది.

ఇంకా ఉంది. ఫోటోలు మళ్ళీ పరిశీలించి 2016లో బ్రాడ్లీ ఆ ఫోటోలో లేడని, 2019లో గాగ్నన్ కూడా లేడని మెరైన్ దళమే తేల్చింది. వాళ్ళూ ఆ ద్వీపంలో పోరాడినవాళ్ళే, బ్రాడ్లీ అదే రోజు ముందు ఎగరేసిన మొదటి జెండా దగ్గర ఉన్నాడు కూడా, వాళ్ళని తక్కువ చేయడం లేదు. కానీ ఊరూరా తిప్పిన ఆ ముగ్గురిలో ఫోటోలో నిజంగా ఉన్నది ఐరా ఒక్కడే! 1949లో 'శాండ్స్ ఆఫ్ ఇవో జిమా' తీసినప్పుడు ఈ ముగ్గుర్నీ తెచ్చి జాన్ వేన్ పక్కన కాసేపు నిలబెట్టారు. 1961లో ఐరా మీద 'ది అవుట్‌సైడర్' తీస్తే ఐరాగా వేసింది టోనీ కర్టిస్ అనే తెల్ల నటుడు. 2006లో క్లింట్ ఈస్ట్‌వుడ్ 'ఫ్లాగ్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్' తీశాడు. అందులో ఐరాగా నిజమైన ఆదివాసీ నటుడు ఆడమ్ బీచ్ వేశాడు, చాలా బాగా వేశాడు. బార్లో మీ వాళ్ళకి పోయమని గెంటేసిన సీను, టెక్సాస్ ప్రయాణం రెండూ అందులో ఉన్నాయి. అయినా సినిమా బ్రాడ్లీ కొడుకు రాసిన పుస్తకం నుంచి వచ్చింది కాబట్టి, ఇల్లు, కుటుంబం, మంచి తండ్రి జ్ఞాపకం అంతా బ్రాడ్లీది. ఐరాకి మిగిలింది తాగుడు.

మా గొడవ ఇక్కడే. సినిమాలన్నిట్లో ఐరా కథ ఒకటే, జెండా ఎత్తాడు, తాగాడు, చచ్చిపోయాడు. ఎందుకు తాగాడంటే యుద్ధం బాధ, ఫ్రెండ్స్ చనిపోయారన్న బాధ. అది నిజమే. కానీ ఐరా తిరిగొచ్చిన ఊరు ఎట్లుంది? పీమాలు కాలువలు తవ్వి హీలా నీటితో గోధుమ పండించి, బంగారం కోసం కాలిఫోర్నియా పోయేవాళ్ళకి, అమెరికా సైన్యానికి కూడా తిండిపెట్టిన రైతులు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన స్థిరపడ్డ తెల్ల రైతులు నదిని మళ్ళించుకున్నారు. పొలాలు ఎండిపోయాయి, ఆకలి చావులు పడ్డాయి. ఆ నీటి హక్కు మీద చట్టం వచ్చింది 2004లో. ఇంకో మాట వినండి. ఐరా జపాన్ సైన్యంతో కొట్లాడుతున్న రోజుల్లోనే, అమెరికాలో ఉన్న జపాన్ సంతతి జనాన్ని వేలమందిని తెచ్చి బంధించిన క్యాంపు ఒకటి ఐరా తెగ రిజర్వేషన్ మీదే కట్టారు. తెగ వద్దన్నా వినలేదు. నది, క్యాంపు, సైనికుడు ముగ్గురూ ఒకే ఫ్రేములో ఉన్న యుద్ధ సినిమా మాకు కనపడలేదు. నీళ్ళ సంగతి ఎత్తింది ఒక పాట, జానీ క్యాష్ 1964లో పాడింది. దాన్ని చాలా రేడియో స్టేషన్లు వేయలేదు.

తాగి చచ్చిపోయాడు అంటే అది ఒక మనిషి బలహీనత. నీళ్ళు తీసేసుకున్నారు అంటే అది ఒక దేశం చేసిన పని. సినిమాకి మొదటిది చాలు. ఏడుపు వస్తుంది, టికెట్టు తెగుతుంది, ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు.

ఆదివాసీలు మరి ఆ సైన్యంలోకి ఎందుకు పోయారు, ఎవరు పొమ్మన్నారు అని అడిగేవాళ్ళుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో 44,000 మందికి పైగా పోయారు, వాళ్ళ జనాభా చూస్తే అది చాలా ఎక్కువ. పేదరికం ఉంది, బోర్డింగ్ స్కూలు కవాతు అలవాటు ఉంది, తమ నేలని కాపాడుకునే పాత తెగ ధర్మం కూడా ఉంది. వాళ్ళు మోసపోయిన అమాయకులు అనడం మాకిష్టం లేదు. యుద్ధం నుంచి వచ్చినవాడి మీద అంటుకున్న చావు నీడ పోవడానికి నవాహోలు రోజుల తరబడి తంతు చేస్తారు. ఊరంతా వస్తుంది, మనిషిని మళ్ళీ మనుషుల్లో కలుపుతారు. సినిమాలు 'యుద్ధం తర్వాత మనిషి' అని అంత బాధపడతాయి కదా, మరి ఆ తంతు దగ్గరికి కెమెరా ఎందుకు పోదు?

మన దగ్గరా చూడండి. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' సినిమాని మన తాతలు బండ్లు కట్టుకుపోయి చూశారు. రాజు గారి త్యాగం మీద మాకు మాట లేదు. కానీ ఆయన పక్కనే కొట్లాడిన గాం మల్లుదొర జైలు నుంచి బయటికొచ్చి, 1952లో పార్లమెంటుకి ఎన్నికయ్యాడని మన గ్రూపులో ఎంతమందికి తెలుసు? హీరో నేలకొరిగిన దగ్గర శుభం కార్డు పడితే ఆ తర్వాత బతికిన మనిషి కనపడడు.

1954 నవంబర్ 10న వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లో ఆ ఫోటోని పెద్ద కంచు విగ్రహంగా నిలబెట్టారు. ఐరాని పిలిచారు, వచ్చాడు. పదకొండు వారాలు తిరక్కముందే, 1955 జనవరి 24న, తన రిజర్వేషన్‌లో ఒక పాడుబడ్డ గుడిసె దగ్గర చలిలో పడి చనిపోయి కనిపించాడు. వయసు 32.

ఐరా పుట్టిన సకటోన్‌లో ఒక చిన్న పార్కు ఉంది. ప్రతి ఫిబ్రవరిలో అక్కడ ఇవో జిమాని తలచుకుంటూ ఊరేగింపు తీస్తారు. పార్కు పేరులో ఐరాతోపాటు ఇంకో పేరు కూడా ఉంది, మాథ్యూ జువాన్. ఆయనా పీమానే. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918 మే నెలలో ఫ్రాన్స్‌లోని కాంటిగ్నీ దగ్గర చనిపోయాడు. ఆ యుద్ధంలో నేలకొరిగిన మొదటి అరిజోనా సైనికుడు ఆయనే అంటారు. అప్పటికి ఆదివాసీలకి పౌరసత్వ చట్టం రావడానికి ఇంకా ఆరేళ్ళుంది. ఆయన మీద హాలీవుడ్ సినిమా తీయలేదు. ఊరోళ్ళు మాత్రం ఆయన పేరు ముందు పెట్టి, ఐరా పేరు తర్వాత పెట్టుకున్నారు.